మోకాలి చిప్ప కింద టెండన్ నొప్పి: చేత్తో ఎలా తగ్గించుకోవాలి, ఆ వెంటనే ఏం చేయాలి

వాలీబాల్ ఆడే కుర్రాళ్లు, కానిస్టేబుల్ ఉద్యోగానికి లాంగ్ జంప్ సాధన చేసేవాళ్లు, నలభై దాటాక బ్యాడ్మింటన్ మొదలుపెట్టిన ఉద్యోగులు, అందరూ అడిగేది ఒకటే. "చిప్ప కింద ఒక్కచోటే పొడుస్తోంది సార్, ఎక్కడ రుద్దాలి, ఎలా రుద్దాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి తెలుసుకోండి. చేత్తో చేసే చికిత్స ఈ నొప్పిని కాసేపు అణచగలదు, మాన్పలేదు. మాన్పేది టెండన్‌కు, అంటే కండరం బలాన్ని ఎముకకు అందించే గట్టి పట్టీకి, మెల్లమెల్లగా బరువు అలవాటు చేసే వ్యాయామం. అలాంటప్పుడు మర్దన ఎందుకు అంటారా? నొప్పి వల్ల ఒక్క బస్కీ కూడా తీయలేని మనిషి, సరిగ్గా మర్దన చేసిన తర్వాతి అరగంటలో చాలాసార్లు నాలుగు తీయగలడు. ఆ అరగంట కోసమే ఈ శ్రమంతా. రుద్దుకుని పడుకునే ఉద్దేశం ఉంటే కింద రాసినదంతా దండగ.

చిప్ప కింది కొన నుంచి, దాని దిగువన ఎముక మీద చేతికి తగిలే బుడిపె దాకా సుమారు రెండు అంగుళాల గట్టి పట్టీ ఒకటి ఉంటుంది. మనం మాట్లాడుకునే టెండన్ ఇదే. తొడ ముందు కండరాల బలమంతా కాలికి అందేది దాని గుండానే. గెంతినప్పుడు, గెంతి దిగినప్పుడు, పరుగులో ఉన్నట్టుండి ఆగినప్పుడు ఎక్కువ భారం దాని మీదే పడుతుంది. నార్వేలోని మేటి క్రీడాకారులను పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో వాలీబాల్ వాళ్లలో నూటికి 45 మందికి, బాస్కెట్‌బాల్ వాళ్లలో 32 మందికి ఈ బాధ ఉన్నట్టు తేలింది. కాబట్టి మీ ఒక్కరికే ఏదో అయిందని బెంగపడకండి. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

ముందు ఇది ఆ నొప్పేనా చూసుకోండి

మంచం మీద గోడకు వీపు ఆనించి కాలు చాపి కూర్చోండి. తొడ పూర్తిగా వదిలేయండి. వదిలారో లేదో తెలియాలంటే చిప్పను వేళ్లతో పక్కకు జరిపి చూడండి. తొడ వదులుగా ఉంటే చిప్ప అటూ ఇటూ జరుగుతుంది, బిగిసి ఉంటే కదలనే కదలదు. ఇప్పుడు ఒక చేతిని చిప్ప పై అంచు మీద పెట్టి మంచం వైపుకు కొద్దిగా నొక్కండి. కింది కొన కాస్త పైకి లేస్తుంది. రెండో చేతి వేలిని ఆ కొన అడుగున పెట్టి పైకి ఒత్తండి.

వేలికొనంత చోట చటుక్కున నొప్పి తెలిస్తే మొదటి ఆనవాలు దొరికినట్టు. అంతటితో నిర్ణయానికి రావద్దు. గట్టిగా ఒత్తితే ఏ బాధా లేనివాళ్లకు కూడా అక్కడ కొంత నొప్పి ఉంటుంది. రెండో ఆనవాలు కావాలి: ఒంటికాలి మీద మెల్లగా వంగినప్పుడు, మెట్లు దిగినప్పుడు, గెంతినప్పుడు నొప్పి సరిగ్గా ఆ చోటే రావాలి. భారం పెరిగేకొద్దీ అది పెరగాలి, కూర్చుంటే తగ్గాలి. ఆట మొదట్లో నొప్పి, ఒళ్లు వేడెక్కాక ఉపశమనం, మర్నాడు పొద్దున మంచం దిగగానే మళ్లీ నొప్పి. ఈ వరస మీకు తెలిసినదే అయితే ముందుకు చదవండి.

నొప్పి ఇంకెక్కడైనా ఉంటే ఈ పద్ధతి మీకు కాదు. చిప్ప చుట్టూ, వెనక, "ఇక్కడని చెప్పలేను సార్" అన్నట్టు ఉంటే అది ఎక్కువగా చిప్పకూ తొడ ఎముకకూ మధ్య ఒరిపిడి బాధ. మోకాలి లోపలివైపు, కీలుకు రెండు అంగుళాల కింద ఉంటే అక్కడ కలిసే వేరే టెండన్లది. నడివయసు ఆడవాళ్లలో ఇది బాగా కనిపిస్తుంది, కీళ్ల అరుగుదల అని సరిపెట్టుకుంటూ ఉంటారు. పదేళ్ల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు చిప్ప కింద కాకుండా ఆ దిగువ బుడిపె మీదే నొప్పి, ఉబ్బు ఉంటే అది ఎదిగే ఎముక మీద పడే లాగుడు. ఆ బుడిపెను రుద్దకండి. ఆట తగ్గించి ఎముకల డాక్టరుకు చూపించండి.

అసలు చెయ్యే పెట్టకూడని సందర్భాలు:

- గెంతినప్పుడు "టప్" మని శబ్దమై, ఆ తర్వాత చాపిన కాలిని మంచం మీద నుంచి పైకి ఎత్తలేకపోతే. టెండన్ తెగి ఉండవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.
- మోకాలు ఎర్రగా, వేడిగా ఉబ్బి, జ్వరం కూడా ఉంటే.
- పిక్క ఒక్కటే వాచి నొప్పిగా ఉంటే. రక్తనాళంలో గడ్డ కట్టి ఉండవచ్చు, దాన్ని మర్దన చేయడం ప్రాణం మీదికి తెస్తుంది.
- రక్తం పలచబడే మందులు వాడుతుంటే. వేలి ఒత్తిడికే లోపల రక్తం చేరుతుంది.
- ఆ చోట పుండు, గజ్జి, కాలిన గాయం ఉంటే. లేదా గత కొన్ని వారాల్లో అక్కడ స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుని ఉంటే.
- చాలా ఏళ్లుగా మధుమేహం ఉండి కాలికి స్పర్శ తగ్గి ఉంటే. ఎంత ఒత్తుతున్నారో మీకే తెలియదు.

ఇంకొక ప్రశ్న. ఈ మధ్య సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ వాడారా? వాటికి టెండన్లను బలహీనపరిచే గుణం ఉంది. ఆ మందు వాడుతుండగా లేదా వాడిన తర్వాత నొప్పి మొదలైతే గెంతడం ఆపి, మందు రాసిన డాక్టరుకు చెప్పండి.

కావలసినవి

- చపాతీ కర్ర. నున్నగా ఉన్నది.
- ఒక తువ్వాలు, కొంచెం కొబ్బరి నూనె. నూనె తొడకు మాత్రమే.
- గోళ్లు కత్తిరించిన చేతులు.
- అడుగు పొడవున్న గట్టి చెక్కపలక. మడమ వైపు అయిదు అంగుళాల ఎత్తు వచ్చేలా కింద ఇటుకో చెక్కముక్కో బిగిస్తే సుమారు 25 డిగ్రీల వాలు వస్తుంది. పలక జారకూడదు, ఊగకూడదు. ఇది కుదరకపోతే మడమ కింద రెండు అంగుళాల మందం పుస్తకం పెట్టుకోండి, ప్రతిసారీ అదే పుస్తకం.
- సెకన్లు చూపే గడియారం లేదా ఫోను.
- చిన్న నోటుపుస్తకం. దీన్ని మాత్రం మానవద్దు.

చేసే విధానం

1. ముందు కొలవండి

పలక మీద, గోడ పక్కన, నొప్పి ఉన్న కాలి మీద నిలబడండి. వేళ్లు పల్లం వైపు, మడమ ఎత్తు వైపు. వీపు నిటారుగా ఉంచి మెల్లగా మోకాలు వంచుతూ దిగండి. నొప్పి మొదలైన చోట ఆగి, సున్నా నుంచి పది వరకు ఎంతో మనసులో వేసుకోండి. సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే భరించలేనంత. ఎంత లోతు దిగగలిగారో, ఎంత నొప్పి వచ్చిందో రాసుకోండి. ఒకటి రెండుసార్లు చాలు. ఈ కొలత లేకుండా మర్దన చేసి "బాగానే ఉన్నట్టుంది" అనుకుంటే అది ఊహే తప్ప ఫలితం కాదు.

2. తొడను వదులు చేయండి

నొప్పి ఉన్న చోటికి వెంటనే వెళ్లకండి. ఎక్కువమందికి అసలు లాభం ఇక్కడే దొరుకుతుంది. తొడ ముందు కండరాలు బిగుసుకుని ఉంటే ఆ లాగుడు రోజంతా టెండన్ మీదే ఉంటుంది.

తొడకు నూనె రాయండి. చిప్పకు నాలుగు వేళ్ల పైన మొదలుపెట్టి గజ్జల వైపుకు అరచేత్తో నిదానంగా తోయండి. ఓ రెండు నిమిషాలు ఇలా చేశాక చపాతీ కర్రతో అదే దారిలో దొర్లించండి, మధ్యలోను, తొడ బయటివైపున కూడా. బయటివైపు కండరంలో బొటనవేలికి తాడులా తగిలే గట్టి పోగులు దొరుకుతాయి. అలాంటిది దొరికితే అక్కడే ఆగి, రుద్దకుండా, అరనిమిషం నుంచి నిమిషం దాకా బొటనవేలితో ఒత్తి ఉంచండి. మొదట తీపు తెలుస్తుంది, తర్వాత కండరం వేలి కింద మెత్తబడుతుంది. మెత్తబడకపోతే బలవంతం చేయకుండా పక్కకు వెళ్లండి. ఒక కాలికి అయిదారు నిమిషాలు మించనక్కర్లేదు.

కర్రను చిప్ప మీదికి గానీ దాని కిందికి గానీ తీసుకురావద్దు. ఎముక మీద కర్ర దొర్లిస్తే కమిలిపోవడమే తప్ప ఒరిగేదేమీ లేదు.

వేళ్లలో బలం లేనివాళ్లు, నడుము వంచలేనివాళ్లు ఇంట్లో ఇంకొకరి చేత చేయించుకోవచ్చు. అప్పుడు మీరు వెల్లకిలా పడుకుని మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకోండి, తొడ తానే వదులవుతుంది. చేసేవాళ్లు బలం చూపిద్దామనుకుంటారు. "చాలు" అంటే ఆగాలని ముందే చెప్పి ఉంచండి.

3. చిప్పను జరపండి

కాలు చాపి, తొడ వదిలి, చిప్ప అంచులను రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్లతో పట్టుకోండి. లోపలికి, బయటికి పదేసిసార్లు; తర్వాత కిందికి, పైకి పదేసిసార్లు. మెల్లగా జరిపి, ఆగినచోట ఒక సెకను ఉంచి వదలండి. చిప్పను ఎముకలోకి నొక్కకుండా ఈ నాలుగు వైపులకు మాత్రమే జరపాలి. కరకరమని శబ్దం వచ్చినా నొప్పి లేకపోతే పట్టించుకోకండి. చిప్ప పక్కకు జారిపోతుందేమోనన్న భయం కలిగినా, ఇదివరకు ఎప్పుడైనా జారి ఉన్నా ఈ మెట్టు వదిలేయండి.

4. టెండన్‌కు అడ్డంగా రాపిడి

అందరూ అడిగేది దీని గురించే, తప్పు చేసేదీ ఇక్కడే. బ్రిటిష్ వైద్యుడు జేమ్స్ సిరియాక్స్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. సూత్రం ఒకటే: పోగులు నిలువుగా ఉంటాయి కాబట్టి వేలు అడ్డంగా కదలాలి.

ముందుగా మోకాలి మీది నూనె మొత్తం తుడిచేయండి. పొడి చర్మం మీదే ఇది కుదురుతుంది. ముందు చెప్పినట్టే కాలు చాపి తొడ వదిలి, ఒక చేత్తో చిప్ప పై అంచును అదిమి కింది కొనను పైకి లేపండి. రెండో చేతి ఉంగరపు వేలిని ఆ కొన అడుగున పెట్టి, దాని మీద మధ్య వేలిని ఆసరాగా ఉంచండి. పైకి, అంటే చిప్ప కొన వైపుకు ఒత్తుతూ, వేలిని ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు ఆడించండి. వేలూ చర్మమూ కలిసి కదలాలి. వేలు చర్మం మీద జారుతోందంటే మీరు చర్మాన్ని రుద్దుతున్నట్టే, టెండన్‌ను కాదు. నాలుగు రోజుల్లో అక్కడ తోలు లేస్తుంది. కదలిక టెండన్ వెడల్పుకు సరిపడితే చాలు. వేలి కింద దాని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా దాటుతున్నట్టు తెలుస్తుంది. ఆ అంచులు దొరక్కపోతే ఒక్కసారి తొడ బిగించండి, పట్టీ గట్టిపడి చేతికి తగులుతుంది. చోటు గుర్తుపెట్టుకుని మళ్లీ వదిలేయండి.

ఒత్తిడి ఎంత? పదిలో నాలుగు దాటకూడదు. మొదటి రెండు నిమిషాల్లో నొప్పి తగ్గుతూ ఆ చోటు కాస్త మొద్దుబారాలి. తగ్గితే ఇంకో మూడు నిమిషాలు, అలవాటయ్యాక మొత్తం పది నిమిషాల వరకు. రెండు నిమిషాలైనా తగ్గకపోయినా, పెరుగుతున్నా ఆపేయండి. చోటు తప్పు కావచ్చు, టెండన్ ఇంకా రేగి ఉండవచ్చు, మీరు మరీ ఎక్కువ ఒత్తుతూ ఉండవచ్చు.

రోజు విడిచి రోజు. రోజూ వద్దు. వేలు నొప్పి పుడుతుంటే వేళ్లు మార్చుకోండి. చెంచా, పెన్ను, సీసా మూత లాంటివి మాత్రం వాడకండి. లోపల ఏం జరుగుతోందో వేలికి తెలిసినట్టు వస్తువుకు తెలియదు.

ఈ రాపిడి మీద నా అభిప్రాయం నిజాయితీగా చెప్పాలంటే, ఇప్పటిదాకా చెప్పిన నాలుగు మెట్లలో ఏదైనా ఒకటి వదిలేయమంటే నేను వదిలేది దీన్నే. దీర్ఘకాలంగా ఈ టెండన్ నొప్పి ఉన్నవాళ్లలో వ్యాయామం, అల్ట్రాసౌండ్ చికిత్స, అడ్డ రాపిడి మూడింటినీ పోల్చిన ఒక అధ్యయనం 2004లో వచ్చింది. వ్యాయామమే ముందు నిలిచింది. అయినా దీన్ని రాస్తున్నది ఎందుకంటే, కొందరికి ఆ మొద్దుబారడం బాగా ఉపయోగపడుతుంది. ఎలాగూ రుద్దేవాళ్లు సరిగ్గా రుద్దితే హాని తగ్గుతుంది.

5. మళ్లీ కొలవండి

వెంటనే పలక ఎక్కి మొదటి పరీక్ష మళ్లీ చేయండి. నొప్పి రెండు అంకెలు తగ్గినా, ఇంకొంచెం లోతుకు దిగగలిగినా మీకు ఈ మర్దన పనిచేస్తోందని అర్థం. ఏ తేడా లేకపోతే మర్నాడు తొడ మర్దన ఒక్కటే చేసి కొలవండి, ఇంకో రోజు రాపిడి ఒక్కటే చేసి కొలవండి. దేనివల్ల తేడా వస్తోందో తేలుతుంది. తేడా తేనిదాన్ని మొహమాటం లేకుండా వదిలేయండి. ఏదీ తేడా తేకపోతే నేరుగా ఆరో మెట్టుకు వెళ్లండి, నష్టమేమీ లేదు.

6. అరగంట లోపల గోడకుర్చీ

బడిలో మాస్టారు వేయించిన గోడకుర్చీయే. గోడకు వీపు ఆనించి, పాదాలు ముందుకు పెట్టి, తొడలు బాగా పని చేస్తున్నట్టు తెలిసే లోతుకు దిగండి. పూర్తిగా కుర్చీలో కూర్చున్నంత లోతు మొదట్లో వద్దు. 45 సెకన్లు అలాగే ఉండండి. లేచి రెండు నిమిషాలు విశ్రాంతి. ఇలా అయిదుసార్లు. ఊపిరి బిగపట్టకండి, ముఖ్యంగా రక్తపోటు ఉన్నవాళ్లు; అంకెలు పైకి లెక్కపెడితే ఊపిరి తనంతట తానే ఆడుతుంది.

నలభై అయిదు సెకన్లు అలవోకగా నిలబడగలిగితే లోతు పెంచండి. అదీ తేలికైతే బాగున్న కాలి మీద భారం తగ్గిస్తూ నొప్పి కాలి మీదికి మార్చండి. జిమ్ అందుబాటులో ఉంటే కూర్చుని కాలు చాపే యంత్రం మీద, మోకాలు సగం వంచి బరువును కదలకుండా పట్టి ఉంచడం ఇంకా మంచిది. ఆస్ట్రేలియాలో వాలీబాల్ ఆటగాళ్లపై పరీక్షించి 2015లో ప్రచురించిన పద్ధతి కూడా ఇలాంటిదే, అయిదుసార్లు 45 సెకన్లు. వాళ్లకు వెంటనే నొప్పి బాగా తగ్గింది. తర్వాతి అధ్యయనాల్లో అందరికీ అంతగా తగ్గలేదు. అయినా తొడకు బలం ఎలాగూ వస్తుంది.

7. మెల్లటి బరువు బస్కీలు

గోడకుర్చీ నొప్పి మూడు దాటకుండా చేయగలుగుతున్నారా? ఇక అసలు పని మొదలు. రెండు కాళ్ల మీద బస్కీ: మూడు లెక్కపెడుతూ దిగాలి, మూడు లెక్కపెడుతూ లేవాలి. పదిహేనుసార్లు ఒక విడత, అలాంటివి నాలుగు విడతలు, మధ్య రెండు మూడు నిమిషాలు విరామం. వారానికి మూడు రోజులే. తేలికైనకొద్దీ బరువు పెంచి సంఖ్య తగ్గించండి: పదిహేను నుంచి పన్నెండు, పది, ఎనిమిది, చివరికి ఆరు. జిమ్ లేనివాళ్లు వీపు సంచిలో ఇటుకలు వేసుకోవచ్చు, లేదా ఒంటికాలి బస్కీకి మారవచ్చు. సంచి ఊగకుండా బిగించుకోండి.

ఇది పన్నెండు వారాల పని. డెన్మార్క్‌లో 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఈ బరువు పద్ధతిని స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పోల్చారు. పన్నెండు వారాలకు ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు కూడా బాగానే ఉన్నారు. ఆరు నెలలకు వాళ్లు మళ్లీ వెనక్కి పోయారు, బరువులు ఎత్తినవాళ్లు నిలబడ్డారు. "ఒక్క సూదితో పోదా సార్?" అనేవాళ్లకు ఇదే నా జవాబు.

8. గెంతడానికి తిరిగి రావడం

ఒంటికాలి బస్కీ నొప్పి మూడు లోపల వస్తున్నప్పుడు గెంతులు మొదలుపెట్టండి. మొదట రెండు కాళ్ల మీద, నేల నుంచి కొంచెమే. తర్వాత ఎత్తు, తర్వాత ఒంటికాలు, చివరగా పరుగెత్తి వచ్చి గెంతడం. గెంతిన రోజుకూ మళ్లీ గెంతే రోజుకూ మధ్య కనీసం రెండు రోజులు ఎడం ఉంచండి.

సరిగ్గా సాగుతోందో లేదో తెలిసేది ఎలా

అప్పటికప్పుడు వచ్చే ఉపశమనాన్ని నమ్మకండి, మర్నాటి పొద్దునను నమ్మండి. మంచం దిగి, పళ్లు తోముకున్నాక, రోజూ ఒకే వేళకు పలక మీద ఒక్కసారి వంగి అంకె రాసుకోండి. నిన్నటి అంకెకు సమానంగానో తక్కువగానో ఉంటే నిన్న చేసినది టెండన్ భరించింది. ఒకటి పెరిగితే బరువు అంతే ఉంచండి. రెండు, అంతకు మించి పెరిగితే ఒక రోజు ఆగి బరువు తగ్గించండి, రాపిడిని ఆ వారం పూర్తిగా మానండి.

వ్యాయామం చేస్తున్నప్పుడు మూడు దాకా నొప్పి తప్పు కాదు. చాలామంది సున్నా కోసం ఎదురుచూస్తూ నెలలు పోగొట్టుకుంటారు.

రోజువారీ అంకె పైకీ కిందికీ ఊగుతుంది, అందుకని ఆదివారం ఆదివారం వారం మొత్తాన్ని చూడండి. సోమవారం నొప్పి అయిదు వచ్చిందని గాబరాపడేవాళ్లు, మూడు వారాల క్రితం రోజూ ఆరే ఉండేదని పుస్తకం తెరిస్తే తప్ప గుర్తు తెచ్చుకోరు. ఫిజియోథెరపిస్టులు ఇందుకే నూరు మార్కుల ప్రశ్నావళి ఒకటి వాడతారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా క్రీడా సంస్థలో తయారైంది, పేరు విసా-పి. నూరు వస్తే బాధే లేనట్టు. మీరు ఫిజియో దగ్గరకు వెళితే అది నింపించమని అడగండి, మళ్లీ నెలకు పోల్చుకోవచ్చు.

తరచూ జరిగే తప్పులు

అన్నిటికన్నా పెద్దది: సాయంత్రం మర్దన చేసుకుని, నొప్పి మొద్దుబారగానే కోర్టులోకి దిగడం. నొప్పి లేదు కదా అని రెండు సెట్లు ఎక్కువే ఆడతారు. టెండన్‌లో మార్పేమీ రాలేదు, అది మీకు పంపే కబురు మాత్రమే కాసేపు ఆగింది. మర్నాడు మెట్టు దిగలేరు. మర్దన తర్వాతి అరగంట లెక్కపెట్టి చేసే వ్యాయామానికే, ఆటకు కాదు.

నొప్పి ఉన్న చోటే రోజుకు మూడు పూటలా గట్టిగా నలపడం రెండోది. "నలగ్గొడితే లోపలి గడ్డ కరుగుతుంది" అని ఎవరో చెబుతారు. అక్కడ కరగాల్సిన గడ్డ ఏదీ లేదు. కమిలి నీలమైన చర్మంతో వచ్చేవాళ్లలో టెండన్ బాధ ఏది, వేళ్ల దెబ్బ ఏది అన్నది విడదీయడమే కష్టమవుతుంది.

బామ్ రాసి మండితే పనిచేస్తోందనుకోవడం. ఆ మంట చర్మానిది. రాసుకుంటే రాసుకోండి, కానీ బామ్ రాసిన చోట రాపిడి చేయవద్దు, దాని మీద కాపడం పెట్టవద్దు, చర్మం కాలుతుంది. ఉత్త కాపడం హాయిగా అనిపిస్తే మర్దనకు ముందు తొడకు పది నిమిషాలు పెట్టుకోవచ్చు.

మడమను పిరుదుకు ఆనించి నిమిషాల తరబడి సాగదీయడం కూడా చాలామంది చేస్తారు. తొడ బిగుతు పోవాలని చేస్తారు గానీ ఆ భంగిమలో టెండన్ చిప్ప కొన మీద బాగా నొక్కుకుంటుంది. నొప్పి రేగి ఉన్న రోజుల్లో సాగదీయడం మానండి. అదే లెక్కన వజ్రాసనం, బాసింపట్టు వేసి చాలాసేపు కూర్చోవడం, గొంతుకూర్చుని పని చేయడం తగ్గించుకోండి. నేల మీద కూర్చునే అలవాటున్న ఇళ్లలో కొన్నాళ్లు పీట వేసుకుంటే సరిపోతుంది, ఎవరూ ఏమీ అనుకోరు.

పూర్తి విశ్రాంతి తీసుకోవడం. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు కట్టించుకుని కదలకుండా ఉండటం మనకు తెలిసిన విషయం కాబట్టి టెండన్‌కూ అదే నియమం అనుకుంటాం. మూడు వారాలు పడుకుంటే నొప్పి పోతుంది, నిజమే. తొడ బలం కూడా అంతే పోతుంది. మొదటి ఆటకే నొప్పి తిరిగి వస్తుంది. గెంతడం తగ్గించండి, బరువు మోయడం ఆపకండి.

చిప్ప కింద కట్టుకునే పట్టీ గురించి అడుగుతారు. ఆట సమయంలో కొందరికి హాయినిస్తుంది, వాడుకోండి. పట్టీ ఉంది కదా అని ఏడో మెట్టు వదిలేస్తే మాత్రం ఏళ్ల తరబడి పట్టీలు కొంటూనే ఉంటారు.

ఎప్పుడు ఇంకొకరికి చూపించాలి

నాలుగు వారాలు పుస్తకం రాస్తూ చేసినా ఆదివారం అంకెలు కదలకపోతే ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లండి. ఎక్కువసార్లు తప్పు మర్దనలో ఉండదు, బరువు చాలకపోవడంలోనో, బస్కీలో తెలియకుండానే మంచి కాలి మీదికి ఒరిగిపోవడంలోనో ఉంటుంది. ఎదురుగా నిలబడి చూసేవాళ్లకు అది ఒక్క నిమిషంలో పట్టుబడుతుంది. మూడు నెలలు దాటినా తగ్గకపోతే ఎముకల డాక్టరు స్కాన్ రాయవచ్చు. స్కాన్‌లో టెండన్ మందంగా, మచ్చగా కనిపించిందని హడలిపోకండి, నొప్పి లేని ఆటగాళ్లలో కూడా అలాంటి మార్పులు కనిపిస్తూ ఉంటాయి.

ఇక "పోలీసు ఈవెంట్లు ఇంకో మూడు వారాలే ఉన్నాయి, ఏం చేయమంటారు?" అనేవాళ్లకు. ఆ గడువులో ఇది పూర్తిగా మానదు. 1600 మీటర్ల పరుగు టెండన్‌ను అంతగా బాధించదు, దాన్ని కొనసాగించండి. లాంగ్ జంప్ వారానికి రెండుసార్లు మించకండి, అదీ తక్కువ గెంతులతో. మిగతా రోజుల్లో పరుగు తీసి, అడుగు కలుపుకుని, గెంతకుండా ఆగే సాధన చేయండి. గోడకుర్చీలు రోజూ వేయండి. ఈవెంట్ రోజు పొద్దున తొడ మర్దన, రెండు మూడు గోడకుర్చీలు, అంతే. టెండన్ మీద రాపిడి వద్దు. ఈవెంట్ అయిన మర్నాడు విశ్రాంతి తీసుకుని, ఆ తర్వాత ఏడో మెట్టు మొదటి వారం నుంచి మొదలుపెట్టండి.